అవ్వ పట్టుచీర

ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికినా అవ్వ పెళ్లినాటి పట్టుచీర కనిపించలేదు. ఎల్లుండి తన పెళ్లిలో ఉషారాణి కట్టుకోవలసిన చీర అది. దాని మీదికని అవ్వ బతికుండగా దగ్గరుండి కుట్టించిన ఆకుపచ్చ జాకెట్టు మాత్రం చేతిలో ఉంది.

"చీర ఏదత్తా? ఎవరన్నా తీసినారా?"

పక్కింటి ఓబులమ్మ గడపలోనే ఆగిపోయింది. "ఎతకొద్దమ్మా. అది మట్టిలో కలిసిపోయింది."

"ఏందీ?"

"గొర్లు మేపే సుబ్బన్న పెండ్లాం ముత్తైదువగా పోయింది గదా. పట్టుచీర కట్టి సాగనంపాల. వాళ్లింట్లో యాడుంది? మీ అవ్వే నీళ్లు పోసి, ఈ చీర కట్టి పంపించినాది."

ఊళ్లో ఏ ఇంట చావు జరిగినా ముందుగా వెళ్లేది అవ్వే. ఇన్నాళ్లూ అది ఉషారాణికి గర్వంగానే ఉండేది.

"సుబ్బన్న పెండ్లాం పోయి మూడేండ్లాయె! మరి నిరుడు నాకు జాకెట్టెందుకు కుట్టించినాది?"

"చీర ఎప్పుడిస్తావని నువ్వే గదా పోరు పెట్టినావు."

"ఊళ్లో అందరికీ తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాది."

ఉషారాణికి ఒళ్లు మండిపోయింది. "నన్నింత మోసం చేస్తదా? అడిగింటే నేనే ఇచ్చేదాన్ని గదా!"

"నేనూ అదే అన్నా. 'దాని మొహం మాడితే చూడలేను ఓబులూ' అన్నాది. శవాన్ని ముట్టనీకి భయపడని మనిషి, నీకు భయపడినాదమ్మా."

ఉషారాణి చప్పున తల తిప్పుకుంది. గోడకున్న అద్దంలో, అవ్వ చూడలేనన్న ఆ మొహమే ఎదురైంది.