కుడికి లాగే బండి

“బండి ఇంకా కుడికే లాగుతోందయ్యా,” అంటూ మాస్టారు మూడోసారి మా షెడ్డుకి వచ్చారు.

నాకు ఒళ్లు మండింది. ఆ పాత మోటార్ సైకిలుకి హ్యాండిల్ బేరింగులు మార్చాను. వెనక చక్రం తిన్నగా సర్దాను. టైర్లు కూడా కొత్తవి వేశాను. ఇంకేం చెయ్యమంటారు, ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టమంటారా?

నేనే ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. గీత గీసినట్టు వెళ్లింది.

“ఇప్పుడు మీరు నడపండి, చూస్తాను.”

ఆయన బయల్దేరగానే దొంగ దొరికాడు. మనిషి మొత్తం కుడికి ఒరిగిపోయి కూర్చున్నారు.

“మాస్టారూ! రోగం బండిది కాదు, మీది. ఎందుకలా ఒరుగుతారు?”

“మా ఆవిడ రెండు కాళ్లూ ఎడమవైపేసి కూర్చుంటుంది కదా. తూకం సరిపోవాలని పెళ్లైనప్పట్నుంచీ నేనిలాగే నడుపుతాను.”

“ఇప్పుడు వెనక అమ్మగారు ఎక్కలేదుగా! నిటారుగా కూర్చోండి,” అన్నాను నవ్వుతూ.

ఆయన నిటారుగా కూర్చుని నాలుగు గజాలు నడిపారు. అంతలోనే గబుక్కున బ్రేకు వేసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి ఖాళీ సీటు తడిమారు.

“పోయి నెలైందయ్యా. అయినా నేను తిన్నగా కూర్చుంటే జారి పడిపోతుందేమోనని ఒళ్లు ఒప్పుకోవడం లేదు.”

షెడ్డు షట్టరు దించి, రెండు కాళ్లూ ఎడమవైపేసి ఆయన వెనక కూర్చున్నాను.

“ఇంటికి పోనివ్వండి, మాస్టారూ.”

బండి ఇసుమంతైనా పక్కకి లాగలేదు. ఆయన భుజాలే దారంతా అదురుతూ ఉన్నాయి.