ఒక కొమ్మకి ఒక్క పువ్వు

“అత్తయ్య మళ్లీ గిల్లేశారండీ,” అంది ఆమని, వంటింటి కిటికీలోంచి చూస్తూ.

పెరట్లో అత్తగారు చూడామణి గులాబీ మొక్క ముందు వంగి ఉంది. కింద పడిన పసి మొగ్గల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. శనగగింజంతేసి ఉన్నాయవి. ఏరడం అయ్యాక మొక్క మొదట్లో చిన్న గుంట తీసి, వాటిని అందులో పెట్టి మన్ను కప్పింది. కప్పిన చోట అరచేయి ఆన్చి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆమనికి తెలియకుండానే చెయ్యి కడుపు మీదికి వెళ్లింది. ఐదో నెల.

“గిల్లకపోతే ఎలా?” అన్నాడు ఆమె భర్త ఉదయభాస్కర్. “హైబ్రిడ్ టీ గులాబీ అంతే. కొమ్మకి మూడు మొగ్గలొస్తాయి. మధ్యదాన్ని ఉంచి పక్కవి తీసేస్తేనే బలమంతా దానికి పడుతుంది.”

అతని చేతిలో అరచేయంత పువ్వు ఉంది. లేత గులాబీ రంగు, అంచుల్లో మీగడ తెలుపు. వాడిన పైరేకుల్ని సుతారంగా వలిచి, కాడను ఏటవాలుగా కోసి, సన్నమూతి ఇత్తడి చెంబులో నిలబెట్టాడు. హాల్లో వాళ్ల తాతగారి వీణ పక్కన పెట్టి, సెల్‌తో నాలుగు ఫొటోలు తీశాడు.

“ఇంకోటి కూడా పెట్టండి. జతగా బాగుంటుంది.”

“వద్దు. చూపు చెదిరిపోతుంది.” నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. “ఆమనీ, నిన్న డాక్టరమ్మ చెప్పింది అమ్మతో అప్పుడే అనకు.”

“ఎందుకండీ? మంచి మాటే కదా.”

“కంగారు పడతాది.”

స్కూటర్ సందు మలుపు తిరిగిందో లేదో, పక్కింటి లక్ష్మణమ్మ గోడ మీంచి తల పెట్టింది.

“కరివేపాకు రెండు రెబ్బలియ్యమ్మా. ఏటి, మీ ఆయన ఇవాళ కూడా పువ్వుకే ఫొటోలు తీశాడా? నీకు తియ్యడేటి?”

ఆమని నవ్వి ఆకు తుంచి ఇచ్చింది. లక్ష్మణమ్మ కళ్లు మాత్రం గులాబీ మొదట్లోని తడి మన్ను మీదే ఉన్నాయి.

“మీ అత్త ఇంకా పూడస్తన్నాదన్నమాట.”

“మీరూ చూశారా?”

“రోజూ సూస్తన్నాను. సూసినప్పుడల్లా గుండె దడ.” గొంతు తగ్గించింది. “నీకెవరూ సెప్పలేదేటి? నీ మొగుడి తరవాత ఆవిడికి కవల ఆడపిల్లలు పుట్టారు. మూడో నెలలో, ఒకే మజ్జాన్నం ఇద్దరూ పోయారు. పాలు పొలమారాయంది. ఇద్దరికీ ఒక్కసారే పొలమారతాయేటమ్మా? కంట నీరెట్టలేదు. అడిగినోళ్లకి బదులు సెప్పలేదు.”

ఆమని గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. “ఊళ్లో ఏమనుకున్నారు?”

“ఏటనుకుంటారు? ఆడపిల్లలు కదా...” మాట మింగేసి, కరివేపాకు పట్టుకుని తల దించేసింది లక్ష్మణమ్మ.

ఆ పూట ఆమనికి అన్నం సయించలేదు. కాసేపు నడుం వాలుద్దామని గదిలోకి వెళ్లేసరికి, మంచం మీద తన బ్యాగు తెరిచి ఉంది. చూడామణి అందులో చీరలు కుక్కుతోంది.

“ఏం చేస్తున్నారత్తయ్యా?”

చూడామణి తలెత్తి ఆమె కడుపు వంకే చూసింది. “ఐదో నెలకి ఇంత ఎత్తు రాదే. ఎంతమంది?”

ఆమని గోడకి ఆనుకుంది.

“నిన్నే అడుగుతన్నాను. ఎంతమంది?”

“ఇద్దరు.”

చూడామణి మంచం అంచున కూలబడింది. చేతిలోని చీర జారిపోయింది.

“వాడికి తెలుసా?”

“తెలుసు. మీకే చెప్పొద్దన్నారు.”

ముసలావిడ కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు వాటిలో తడి లేదు, తొందర మాత్రమే ఉంది. “ఆటోకి కబురు పెట్టాను. పార్వతీపురం బస్సెక్కు. పురుడు మీ అమ్మ దగ్గరే. పిల్లలకి బుద్ధి తెలిసేదాకా ఈ గడప తొక్కకు.”

ఆమనికి భయం పోయి కోపం వచ్చింది. “నా పిల్లలు మీకేం చేశారు? మీ కన్నబిడ్డల్ని మీరేం చేశారో ఊరంతా అంటోంది. రోజూ ఆ మొగ్గల్ని గిల్లే చేతులతో నన్ను ముట్టుకోకండి!”

“నేను గిల్లగా చూశావా?”

ఆమని పొద్దుటి సంగతి గుర్తుచేసుకుంది. ఏరడం చూసింది. పూడ్చడం చూసింది.

“ఆ పిల్లలు పోయినప్పట్నించి గులాబీ కొమ్మ ముట్టలేదు నేను. మళ్లీ ఈ మొక్క ఇంటికి తెచ్చింది వాడు. రోజూ పొద్దున్నే నాకంటే ముందు లేస్తాడు.” చూడామణి బ్యాగు జిప్పు లాగింది. “ఊరు నన్ను అంది. అననిచ్చాను. నాకు మిగిలింది వాడొక్కడే.”

బయట గేటు కిర్రుమంది. స్కూటర్ ఆగిన చప్పుడు.

“ఆమనీ! సెలవు పెట్టి వచ్చేశాను!” పెరటి వైపు నుంచి ఉదయభాస్కర్ గొంతు, హుషారుగా.

చూడామణి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆన్చి నిలబడింది.

“అప్పటికి వాడికి ఆరేళ్లు,” అంది గుసగుసగా. “ఆ పొద్దున్నే మొగ్గలు గిల్లడం నేర్పాను. మధ్యాహ్నం నేను నూతి దగ్గర్నుంచి వచ్చేసరికి ఉయ్యాల పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మెప్పుకోసం నవ్వాడు.”

“ఏమన్నారు?”

“‘పక్కవి రెండూ తీసేశానమ్మా’ అన్నాడు.”