నడుస్తున్న రికార్డింగ్

టోలీచౌకి ఇళ్లలోకి వరద వచ్చిన ఏడాది, వానలు వెలిశాక జరిగిందిది. ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు వీరభద్రం రాత్రంతా ఒక్కడే. కొత్త ప్రాసెసర్ వేయించాక కంప్యూటర్ మునుపటికన్నా నెమ్మదిగా నడుస్తోంది. తెల్లారేసరికి సినిమా అందకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ప్రాసెసర్ బిగించిన మౌళికి ఫోన్ చేశాడు.

“ప్రాసెసర్ మంచిగనే ఉందన్నా. వెనక ఏదన్న రికార్డింగ్ నడుస్తుందేమో, జర చూసి బంద్ చెయ్.”

నిజంగానే నడుస్తోంది. అద్దం అవతల మైకు దగ్గర ఎవరూ లేరు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నీళ్ల చప్పుడు. అందులోంచి, ఆ వరదలో కొట్టుకుపోయిన అతని భార్య రమామణి, తను డబ్బింగ్ చెబుతూ సగంలో వదిలిన డైలాగు చెబుతోంది.

“బాగా రాలేదు కదండీ? ఇంకోసారి చెప్పనా?”

బంద్ చేస్తే సినిమా పూర్తవుతుంది. ఆమె గొంతు పోతుంది.

పొద్దున నిర్మాత మనుషులు తలుపు బాదుతుంటే, వీరభద్రం గడియ తీయకుండా, హెడ్‌ఫోన్‌లోని గొంతుతో “చెప్పు” అన్నాడు.