వెనక సీటు పెద్దమనిషి

ఆ ముసలాయన లైట్‌హౌస్ దగ్గర కూడా దిగాడు.

కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశారా అత్తయ్యా? ఇందాక పడవల రేవు దగ్గరా దిగాడు, ఇప్పుడు ఇక్కడా దిగాడు. మనం ఎక్కితే ఎక్కుతున్నాడు, దిగితే దిగుతున్నాడు."

"ఊరు చూడ్డానికి వచ్చుంటాడమ్మా. మనం రాలేదూ?"

"ఊరు చూసేవాడు ఊరు చూడాలి. ఆయన చూపంతా మీ మెడ మీదే ఉంది."

అత్తగారి మెడలో పుట్టింటివాళ్లు పెట్టిన రెండు పేటల గొలుసు. ఎప్పుడూ బీరువా దాటని ఆ గొలుసు ఈ రోజే ఎందుకు బయటికొచ్చిందో కోడలికి అర్థం కాలేదు. వద్దంటే ఆవిడ వినలేదు.

తనూ వస్తానన్న కొడుకును కూడా ఆవిడే ఆపేసింది. "నీకెందుకురా ఎండలో? మేమిద్దరం సరదాగా తిరిగొస్తాం" అంది. అతను భార్యను పక్కకు పిలిచి, "అమ్మ జాగ్రత్త" అని మరీ మరీ చెప్పాడు.

ఆవిడకేమైనా అయితే జీవితాంతం మాట పడాల్సింది కోడలే.

ఆ తీరం వెంట తిరిగేది ఒకటే లోకల్ బస్సు. నచ్చినచోట దిగి, కాసేపు నీళ్లు చూసి, అది తిరిగొచ్చినప్పుడు ఎక్కడమే. రోడ్డు పొడుగునా కొబ్బరిచెట్ల నీడ, కిటికీలోంచి ఉప్పగాలి. హాయిగా గడవాల్సిన రోజు. కోడలికి మాత్రం కళ్లలో ఒత్తులు వేసుకుని కాపలా కాయడంతోనే సరిపోయింది.

బస్సు వచ్చింది. సగం సీట్లు ఖాళీ. అయినా ముసలాయన వచ్చి సరిగ్గా వాళ్ల వెనక సీట్లోనే కూర్చున్నాడు.

"నా కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నాను," అంది అత్తగారు గట్టిగా.

"నాకు తెలీదా అత్తయ్యా? ఆస్పత్రికి తీసుకెళ్లిందే నేను."

"మోకాళ్లు కూడా ఫర్వాలేదు. కొడుకూ కోడలూ బాగా చూసుకుంటున్నారు."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ కోడల్ని నేనే! నాకే చెబుతారేంటి? కాస్త మెల్లగా. వెనక చెవులున్నాయి."

ఇంట్లో పక్కగదిలోకి కూడా వినపడని గొంతు ఆవిడది. ఈ రోజు బస్సంతా మోగిపోతోంది.

కండక్టర్ వెనక్కి వచ్చాడు.

"బాబూ, మా మనవరాలు డాక్టరైంది," అన్నాడు ముసలాయన, అడగకుండానే.

"సంతోషం తాతా. టికెట్ ఉందా?"

"ఉంది. అచ్చం మా అమ్మ పోలిక. నవ్వితే బుగ్గన సొట్ట కూడాను."

"తాతా, నాకు పెళ్లయిపోయింది."

బస్సులో అందరూ నవ్వారు. అత్తగారు కూడా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కోడలు నవ్వలేదు. దొంగలకు మాటకారితనమే పెట్టుబడి అని ఆమె నమ్మకం.

"వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. భయమేం లేదు బాబూ. ఎవరైనా బెంగపడతారేమోనని చెబుతున్నా."

అత్తగారి నవ్వు ఆగిపోయింది. ముందు సీటు కడ్డీ మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇదో ఎత్తు. ముందు జాలి పుట్టిస్తారు, తర్వాత మాటలు కలుపుతారు," అని గొణిగింది కోడలు.

"ధైర్యంగా ఉండాలమ్మా. దేవుడున్నాడు, ఏం కాదు," అంది అత్తగారు కిటికీ వైపు తిరిగి.

"నాకేమైందని?"

"నీకేం కాలేదులే. ఊరికే అన్నాను."

రాళ్ల ఒడ్డు దగ్గర దిగినప్పుడూ అంతే. సముద్రం చూడాలని వారం రోజులుగా పోరు పెట్టిన మనిషి, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా చెట్టు కింద ముసలాయన.

మళ్లీ బస్సెక్కారు. ఆయన మళ్లీ వెనకే.

మలుపులో బస్సు ఊగింది. ముసలాయన ఆసరాకి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అత్తగారి భుజానికి జానెడు దూరంలో ఆగింది.

కోడలు చివ్వున లేచింది.

"కండక్టర్! ఈయన పొద్దుట్నుంచీ మా వెంట పడుతున్నాడు. ఈయన్ని దింపుతారా, మమ్మల్ని పోలీస్ స్టేషన్ దగ్గర దింపుతారా?"

బస్సు ఆగింది. కండక్టర్ తల గోక్కున్నాడు.

"అమ్మా, ఈ తాత మీకు తెలిసినవాడేనా?" అని అత్తగారిని అడిగాడు.

ఆవిడ పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. తల దించుకుంది.

"తాతా, నువ్వు చెప్పు. వీళ్లు నీకు తెలుసా?"

ముసలాయన సీటు పట్టుకుని లేచాడు.

"తెలియదు బాబూ. తప్పు నాదే. ఆ అమ్మాయి పెద్దావిడని కంటికి రెప్పలా చూసుకుంటోంది. అది చాలు."

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. బస్సు కదిలింది. అత్తగారు మెడ తిప్పి, ఆయన కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

"పీడ విరగడైంది. ఇక నిశ్చింతగా సముద్రం చూడండత్తయ్యా."

"నేను సముద్రం చూడ్డానికి రాలేదమ్మా."

కోడలు తెల్లబోయింది.

"పోయేముందు మీ మామయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు, ఆ మనిషితో మాట్లాడననీ, ఎదురుపడినా ఎరగనట్టే ఉంటాననీ. ఎప్పుడో ఒక పెళ్లిలో మాటా మాటా అనుకుని పెంచుకున్న పంతం. ఇన్నేళ్లూ ఒట్టు తప్పలేదు. ఈ రోజు ఈ బస్సులో ఉంటాడని చుట్టాల ద్వారా కబురొచ్చింది. అందుకే నేను చెప్పాల్సింది నీతో అన్నాను, తను చెప్పాల్సింది కండక్టర్‌తో అన్నాడు."



"ఎవరత్తయ్యా ఆయన?"

ఆవిడ ఖాళీ అయిన వెనక సీటు వైపు చూసింది.

"నా ఒక్కగానొక్క తమ్ముడమ్మా."