సున్నా పాఠం

“సున్నా అంటే ఏమీ లేదన్నావు కదా టీచరమ్మా. మరి ఏమీ లేనిదాన్ని ఒకటి పక్కన పెడితే పదెలా అయింది?”

చివరి బెంచీలోంచి వచ్చిన ఆ ప్రశ్నకు ఆమె చేతిలో చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది.

అది టీచర్ల ట్రైనింగ్ కాలేజీ. ఒకరు పాఠం చెబుతుంటే మిగతావాళ్లు పిల్లల్లా నటిస్తూ వినాలి. తెలిసిన పాఠాన్నే తెలియనట్టు వినడం, అడగ్గానే చేతులెత్తడం, చివర్లో చప్పట్లు కొట్టడం. ఇన్నాళ్లూ అంతా హాయిగా సాగిపోయింది.

ఈమధ్యే పెద్ద మేడమ్ ఎక్కడినుంచో ఒక తల నెరిసిన మనిషిని తీసుకొచ్చి చివరి బెంచీలో కూర్చోబెట్టింది. “ఈయన కూడా మీ విద్యార్థే” అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

“అది స్థాన విలువండీ” అందామె.

“అంటే?”

“పదుల స్థానం, ఒకట్ల స్థానం.”

“ఏమీ లేనిదానికి స్థానం ఎందుకు టీచరమ్మా? అర్థం కాలేదు.”

క్లాసు గొల్లుమంది.

ఆమె చెప్పిందే మళ్లీ చెప్పింది, కాస్త గొంతు పెంచి. ఆయన మళ్లీ అర్థం కాలేదన్నాడు. మూలన కూర్చున్న పెద్ద మేడమ్ తల అడ్డంగా ఊపింది.

అందరూ ‘ఫస్టు ర్యాంకు’ అని పిలిచే ఆమెకే ఆ రోజు అందరికన్నా తక్కువ మార్కులొచ్చాయి. వారం తర్వాత అదే పాఠం మళ్లీ చెప్పాలట!

“ఆయనెవరనుకున్నావే? రిటైరైన ఇన్‌స్పెక్టరట” చెవిలో ఊదింది స్నేహితురాలు. “అన్నీ తెలిసే, ఏమీ తెలియనట్టు అడుగుతాడట. మన మార్కులు కోయించడానికే పెట్టారు.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

“అలాగా! నన్ను నవ్వులపాలు చేస్తాడా? అదే క్లాసులో, అదే బోర్డు దగ్గర ఆయన్ని నిలబెట్టి నవ్వించకపోతే అడుగు.”

ఆ వారమంతా ఆమెకి తిండి సయించలేదు. ఇంట్లో కుర్చీలన్నీ హాల్లోకి ఈడ్చింది. ఇటు జరిపింది, అటు జరిపింది, తనలో తనే మాట్లాడుకుంది.

“ఎవరి మీద కోపమే ఆ కుర్చీల మీద చూపిస్తున్నావు?” వంటింట్లోంచి కేకేసింది తల్లి.

“ఉన్నాడులే అమ్మా ఒకడు. వాడి నోట ‘అర్థం కాలేదు’ అన్న మాట ఇక రాకూడదు.”

ఆయన ఏమేం అడగగలడో అన్నీ తనే అడుక్కుంది. ప్రతిదానికీ, తప్పించుకోవడానికి వీల్లేని జవాబు వెతికింది.

ఆ రోజు రానే వచ్చింది. ఆమె క్లాసు ముందు రెండు కుర్చీలు వేసింది.

“ఇది పదుల కుర్చీ. చివర ఉన్నది ఎప్పుడూ ఒకట్ల కుర్చీ.”

స్నేహితురాలిని పదుల కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని లాగేసింది.

“ఇప్పుడు చివర ఉన్నదెవరు? ఈవిడే. పది కాస్తా ఒకటైపోయింది, చూశారా?”

కుర్చీని మళ్లీ అక్కడే వేసి, దాని మీద తన రుమాలు పరిచింది.

“బస్సులో సీటు మీద రుమాలు వేస్తాం. మనిషి లేడు, కానీ చోటుంది. ఆ రుమాలే సున్నా.”

చివరి బెంచీ మనిషి దిగ్గున లేచి నిలబడ్డాడు.

“అంటే... సున్నా ఊరికే ఏమీ లేకపోవడం కాదన్నమాట! లేనివాడి చోటు కాపాడుతుంది!” ఆయన మొహం వెలిగిపోయింది. “అర్థమైంది టీచరమ్మా! ఇన్నాళ్లకి అర్థమైంది!”

ఎవరో పిలిస్తే పెద్ద మేడమ్ నవ్వుకుంటూ బయటికి వెళ్లింది.

అక్కడితో ఆగి ఉంటే ఆమె గెలిచేది. కానీ కడుపులో మంట ఇంకా చల్లారలేదు.

“అయితే వచ్చి నూట ఏడు రాయండి సార్.”

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. “నేనెందుకు లేమ్మా.”

“అదేం కుదరదు. రావాలి.”

వచ్చాడు. చాక్‌పీసుని పిడికిట్లో పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. చెయ్యి లేవలేదు.

“ఏం సార్, నూట ఏడు మర్చిపోయారా? పోనీ, మీ పేరు రాయండి.”

క్లాసు పగలబడి నవ్వింది.

“నాకు రాదమ్మా.”

“ఇంకా ఈ నాటకం ఎందుకు సార్?”

ఆయన చాక్‌పీసుని బల్ల మీద పెట్టాడు. ఎవరివైపూ చూడకుండా గోడ పక్కగా నడిచి బయటికి వెళ్లిపోయాడు.

ఆమెకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పక్కవాళ్లు వీపు తట్టారు.

పెద్ద మేడమ్ తిరిగొచ్చింది. “పూర్తి మార్కులు నీకు. ఇన్నేళ్లలో సున్నా గురించి ఇంత బాగా చెప్పినవాళ్లని చూడలేదు. ఎలా వచ్చిందమ్మా ఇంత మార్పు?”

ఆమె గర్వంగా చివరి బెంచీ వైపు చూసింది.

మేడమ్ కూడా అటు చూసింది. “ఆయనేరీ?”

ముందు వరసలోని అబ్బాయి నసుగుతూ జరిగింది చెప్పాడు.

మేడమ్ దొరికిన బెంచీలో కూలబడింది.

“బోర్డు దగ్గరికి పిలిచారా? చిన్నప్పుడు అలా నిలబెట్టి నవ్వారనే బడి మానేశాడాయన. మళ్లీ క్లాసు గడప తొక్కించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

“ఇన్‌స్పెక్టరని...” ఆమె స్నేహితురాలి వైపు చూసింది. “మాకు ముందే చెప్పాల్సింది మేడమ్.”

“చెబితే జాలిపడి మెల్లగా చెప్పేవాళ్లు. రేపు బళ్లో ఎవరికి అర్థం కాలేదో పిల్లల మొహాలు చూసి మీరే తెలుసుకోవాలి కదమ్మా.”

ఆమె ఒక్క పరుగున గేటు దాకా వెళ్లింది. రోడ్డుకి ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికింది. ఆయన ఎక్కడా కనిపించలేదు.

తిరిగొచ్చేసరికి క్లాసంతా తలలు వంచుకుని ఉంది. పెద్ద మేడమ్ మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది:

“ఇంతమందిలో విద్యార్థిలా నటించనివాడు ఆయనొక్కడే.”