పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ

ఆ పొద్దున మబ్బు కమ్మిందేగానీ చినుకు రాలలేదు. తమ్ముడు దేవేంద్రప్పకు తంతి కొట్టించాలని గిడ్డయ్య బనగానపల్లె తంతి ఆఫీసు కిటికీలో తల పెట్టి అరుస్తున్నాడు.

"రాసుకో సాబూ! రేయ్ దేవేంద్రా, మోటబాయి కాడ మాటామాటా వచ్చిందని కడపకు పోయి కూచుంటావా? ఎల్లుండి నాయన దినం. కొడుకులిద్దురూ ఒక బంతిన తినకుంటే అమ్మ మెతుకు ముట్టదంట. రారా, మొండి దున్నపోతా!"

తంతి మాస్టరు కాసింసాబు నవ్వాడు. "తీగలో పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, రెండే పోతాయప్పా. వాటిని ఆడ అక్షరాలు చేసుకుంటారు. నీ అరుపు ఈడనే ఉండిపోతాది."

"కోపం పోదా?"

"పోదు. 'అమ్మ ఎదురుచూస్తాంది, రా.' ఇంతే కొడతా."

"నేను శానా చెప్తినే!"

"తిట్లు తీసేస్తే మిగిలింది ఇదేనప్పా."

గిడ్డయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. మాస్టరు మీట మీద వేలు పెట్టాడు.

"ఉండు సాబూ. అమ్మ అని కొట్టొద్దు. అన్న ఎదురుచూస్తాండాడని కొట్టు."

మీట టకటకలాడింది.

మూడోనాడు అన్నదమ్ములు ఒకే బంతిలో కూర్చున్నారు. గిడ్డయ్య తన ఓళిగ తీసి దేవేంద్రప్ప విస్తరిలో వేశాడు. అది చూసి ముసలామె తనకూ ఒక విస్తరి పరచుకుంది. ముగ్గురూ తిన్నారు.