గాలి మార్పు

కొడుకు కాపురముంటున్న బీర్‌గావ్ బస్తీలో ఆటో దిగుతూనే దాలమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. చుట్టూ ఫ్యాక్టరీల మసి. వరసగా రేకుల ఇళ్ళు. ఏ గుమ్మంలో చూసినా ఒక ఆడది వేలితో పళ్ళు రుద్దుకుంటూ కూర్చుని ఉంది. అది పళ్ళపొడి కాదు, గుడాఖు. పొగాకూ బెల్లమూ కలిపి నూరిన నల్లటి ముద్ద. తెల్లారి నోట్లో పెట్టిన వేలు పొద్దుగూకేదాకా బయటికి రాదు. థూ, అదీ ఒక బతుకే!

దాలమ్మ కోడలు నూకరత్నం కడుపుతో ఉంది. దానికి తోడు పన్నుపోటు ఒకటి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి ఫూల్‌బాయి జాలిపడి, తన డబ్బీ మూత తీసి ముందుపెట్టింది.

"థోర్‌కిన్ ఘస్ లే నోనీ, పీరా భాగ్ జాహీ." కాస్త రుద్దుకో తల్లీ, నొప్పి పారిపోతుంది అని.

రత్నం వేలు చాచేలోగా అత్తగారు గుమ్మంలోకి వచ్చేసింది. డబ్బీ ఎగిరి మురిక్కాలవలో పడింది.

"ఓలమ్మో! కడుపుతో ఉన్న పిల్లకి నశా మప్పుతారేటే? మీకు సిగ్గుందా?"

ఫూల్‌బాయికి తెలుగు రాదు. తిట్టు మాత్రం అర్థమైంది. మూత చేత్తో పట్టుకుని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పక్కనే ఉర్లాలో ఇనుము ఫ్యాక్టరీకి పోయే కొడుకు సూరిబాబు అడ్డుపడబోయాడు.

"అమ్మా, ఇక్కడికొచ్చి యేడాది దాటింది. రత్నం ఒక్కనాడూ ముట్టుకోలేదే!"

"రేపు ముట్టుకుంటాది. ఆర్నెల్లు సావాసం సేస్తే ఆల్లు ఈల్లవుతారని ఊరికే అన్నారేట్రా? పిల్లని నాతో పంపు. గాలి మారితే అన్నీ సర్దుకుంటాయి."

మాట న్యాయంగానే ఉంది. రానని ద్వారబంధం పట్టుకుని ఏడుస్తున్న రత్నాన్ని సూరిబాబే నచ్చజెప్పి ఆటో ఎక్కించాడు.

దారిలో ఆసుపత్రిలో చూపించారు. నర్సు హన్నా గుంటూరు మనిషి, చెప్పేది సూటిగా చెప్పింది.

"పొగాకు ఏ రూపంలోనూ దగ్గరికి రానివ్వకండి. లోపల బిడ్డ ఎదగదు. పుట్టినా నిలవడం కష్టం."

"ఆ మాట ఆ బీర్‌గావోల్లకి సెప్పు తల్లీ! మాయింట నశాలేటీ లేవు."

ఆ హిందీ నగరంలోనే ఇంకో చివర, రైల్వే కాలనీలో దాలమ్మ ఉండే వరసంతా శ్రీకాకుళం వాళ్ళే. వాళ్ళకి ఇక్కడి సరుకంటే చిన్నచూపు. చింతపండు మొదలుకొని ప్రతిదీ ఊరి నుంచి రైల్లో దిగాలి. ఇక్కడి మనుషులంటే మరీను. ఎదురింటి హిందీ ఆవిడ పలకరిస్తే దాలమ్మ గుమ్మంలో పెదాలు బిగించుకుని కూర్చుని, తల మాత్రం ఊపుతుంది. ఘమండీ బుఢియా, పొగరుబోతు ముసలిది అనుకుని ఆవిడ పలకరించడమే మానేసింది. వంటలోనూ దాలమ్మ దారి దాలమ్మదే. కూర ఎర్రగా మండుతున్నా కారం తెలియడం లేదని కోడలి మీద విసుక్కునేది.

కోడలికి కట్టుదిట్టాలు పెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్ళకూడదు. హిందీ వాళ్ళ గడప తొక్కకూడదు. వాళ్ళిచ్చింది నోట పెట్టకూడదు. ఎక్కడికెళ్ళినా అత్త పక్కనే ఉండాలి.

మొదట్లో రత్నం దవడ పట్టుకుని ఏడ్చేది. తరవాత ఏడుపు తగ్గింది. ఆ తరవాత అత్తని వదిలి క్షణం ఉండలేని పిల్ల అయిపోయింది. దాలమ్మ వరసంతా తిరిగి చాటింది.

"సూసినారా? మనోల్ల మజ్జన ఉంటే ఏ రోగముంటాది!"

ఓ ఆదివారం సూరిబాబు భార్యని తీసుకెళ్దామని వచ్చాడు. పన్నుకోసం లవంగ నూనె సీసా కూడా తెచ్చాడు.

"అదెందుకు? నొప్పి ఎప్పుడో పోయింది," అంది రత్నం.

"అయితే పద. ఫూల్‌బాయి నీకోసం రోజూ అడుగుతంది."

రత్నం మొహం చిట్లించింది.

"సీ! ఆల్ల నోళ్ళూ ఆల్లూనూ. నాను రాను. పురుడయ్యేదాకా అత్త కాడే ఉంటాను."

దాలమ్మ కొడుకు వైపు గర్వంగా చూసింది. సూరిబాబుకి కళ్ళు చెమర్చాయి. ఆ బస్తీలో పెట్టి పెళ్ళాన్నీ బిడ్డనీ పాడుచేసేవాణ్ణే, అమ్మ కాపాడింది అనుకున్నాడు. లవంగ నూనె సీసా మళ్ళీ జేబులో వేసుకుని, నిశ్చింతగా ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరగగానే దాలమ్మ బొడ్లోంచి రెండు చుట్టలు తీసి ముట్టించి ఒకటి కోడలికిచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ గుమ్మానికి చెరో పక్కన చేరగిలబడి, తమ ఊరి ఆడవాళ్ళ తీరులో నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించారు.